పాత అమెరికన్ మాండొలిన్ చేతికి దొరికితే

అమెరికాలో ఇంటి పెద్దలు పోయాక సామానంతా బయట పెట్టి అమ్మే అలవాటు ఉంది. మిషిగన్‌లో అలాంటి ఒక అమ్మకంలో, పాత కుట్టుమిషను పక్కన, నల్లటి పెట్టెలో నాకొక మాండొలిన్ దొరికింది. తీగల్లో మూడు తెగి ఉన్నాయి, మిగిలినవి తుప్పు పట్టాయి. పొట్ట (ముందువైపు చెక్క) మీద కాఫీ కప్పు పెట్టిన గుండ్రటి మచ్చ ఒకటి. ఆ రోజే కొత్త తీగలు వేసి మీటేయాలన్న తొందర నాకూ కలిగింది. మీకూ కలుగుతుంది. అటక మీద వందేళ్లు క్షేమంగా పడి ఉన్న వాద్యం, ప్రేమగా కొన్నవాడి చేతిలో మొదటి సాయంత్రమే పగలడానికి ఆ తొందర ఒక్కటి చాలు. అందుకే ఈ మార్గదర్శిలో సగం పైగా ఏం చేయకూడదో చెబుతాను.

మొదటి వారం

పెట్టె తెరిచి ఫోటోలు తీయండి. ముందు, వెనుక, పక్కలు, బిరడాలు, తీగలు తగిలించే లోహపు పలక, గుర్రం (తీగలను ఎత్తి పట్టే చిన్న చెక్క ముక్క) ఉన్న చోటు, అన్నీ. తీగలు బిగించి ఉంటే ఒక్కో బిరడాను కొద్దికొద్దిగా తిప్పుతూ అన్నిటినీ సమానంగా వదులు చేయండి. ఒకవైపు తీగలన్నీ ఒక్కసారిగా విప్పేయకండి. గుర్రం పొట్టకు అతికించి ఉండదు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. తీగలు పూర్తిగా వదిలితే జారిపోతుంది.

తర్వాత పెట్టెలోని అరలన్నీ వెతకండి. విరిగిన మీటు, లోహపు మూత, ఊడిన ముత్యపు చిప్ప ముక్క, పాత తీగల పొట్లం, ఏదీ పారేయకండి. అన్నీ ఒక సంచిలో వేసి ఉంచండి. నా పెట్టెలో మడతపెట్టిన కాగితం మీద ఎవరో పెన్సిలుతో రాసుకున్న స్వరాలు దొరికాయి. అవి ఏ పాటవో ఇప్పటికీ కనిపెట్టలేకపోయాను. ఆ కాగితం కూడా ఆ సంచిలోనే ఉంది.

వాద్యాన్ని మీ ఇంటి వాతావరణానికి వారం రోజులు అలవాటు పడనివ్వండి. గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. ఒక చిన్న తేమ మీటరు కొనుక్కోండి. ఈ మొత్తం పనిలో మీరు కొనే వస్తువుల్లో దానంత ఉపయోగపడేది మరొకటి ఉండదు.

అది ఏ జాతిది?

1880లో స్పానిష్ స్టూడెంట్స్ అనే బృందం న్యూయార్క్‌లో వాయించి జనాన్ని ఊపేసింది. నిజానికి వాళ్లు వాయించింది బందూరియా అనే మరో వాద్యం. చూసినవాళ్లకు అది మాండొలిన్‌లా కనిపించింది. అక్కడ స్థిరపడిన ఇటాలియన్ సంగీతకారులు ఆ మోజును పట్టుకుని నిజమైన మాండొలిన్లతో బృందాలు కట్టారు. ఆ తర్వాత నాలుగు దశాబ్దాల పాటు ఊరూరా మాండొలిన్ ఆర్కెస్ట్రాలు వెలిశాయి. మీ చేతిలో ఉన్నది బహుశా ఆ కాలపుదే. అది మూడు రకాల్లో ఒకటై ఉంటుంది.

వీపు కుండలా ఉబ్బి, సన్నని చెక్క బద్దలను పక్కపక్కన అతికించినట్టు ఉంటే అది ఇటలీ పద్ధతి. బంగాళదుంప పంటను తినే చారల పురుగులా ఉంటుందని అమెరికన్లు దీన్ని ముద్దుగా ‘టేటర్ బగ్’ అంటారు. షికాగోలోని లయన్ అండ్ హీలీ కంపెనీ వాష్‌బర్న్ పేరుతోను, పెన్సిల్వేనియాలోని నాజరెత్‌లో మార్టిన్ కంపెనీ తన పేరుతోను ఇలాంటివి చేశాయి. చూడ్డానికి అందంగా ఉంటాయి కానీ పల్చటివి. వీటిలో చాలావాటి ధర కొన్ని వందల డాలర్లు దాటదు.

వీపు బల్లపరుపుగానో, మధ్యలో స్తంభంలా ఉబ్బెత్తుగానో ఉంటే రెండో రకం. బోస్టన్‌లో వేగా కంపెనీ చేసిన సిలిండర్ వీపు మాండొలిన్లు ఇందులో చెప్పుకోదగ్గవి.

మూడో రకం గురించే నేను ఎక్కువ మాట్లాడబోతున్నాను. మిషిగన్‌లోని కలమజూ ఊళ్లో ఆర్విల్ గిబ్సన్ అనే ఆయన, బద్దలు వంచి అతికించే పద్ధతిని పక్కనపెట్టి, వయొలిన్‌కు చేసినట్టు దళసరి చెక్కను చెక్కి పొట్ట, వీపు తయారు చేశాడు. 1898లో దానికి పేటెంటు దక్కింది. 1902లో ఆయన పేరుతో స్థానిక వ్యాపారులు కంపెనీ పెట్టారు. ఆ కంపెనీ ఊళ్లలోని సంగీతం మాస్టర్లనే ఏజెంట్లుగా పెట్టుకుని, వాయిదాల మీద కూడా వాద్యాలు అమ్మింది. అందుకే గిబ్సన్ ‘ఏ’ మోడళ్లు ఇన్ని మిగిలాయి. బొట్టు ఆకారపు ఒళ్లు, మధ్యలో కోడిగుడ్డు ఆకారపు రంధ్రం, బిరడాల పలక మీద ‘ద గిబ్సన్’ అన్న అక్షరాలు ఉంటే అదే. ఒక భుజం మీద నత్తగుల్లలా సుడి తిరిగి ఉంటే అది ‘ఎఫ్’ మోడల్, ఖరీదైనది.

రంధ్రంలోకి దీపం వేసి చూడండి. లోపల కాగితం చీటీ మీద సీరియల్ నంబరు ఉంటుంది. సుమారు 10 వేల దగ్గర ఉంటే 1910 ప్రాంతపుది, 70 వేలు దాటితే 1920ల తొలినాళ్లది. చీటీ మీద ఆర్విల్ గిబ్సన్ బొమ్మ ఉంటే ఇంకా ముందుది. దండి (ఎడమ చేత్తో పట్టుకునే పొడవాటి భాగం) ఒంటిని కలిసే చోట లోపలి దిమ్మె మీద మరో నంబరు ఉంటుంది. అది ఫ్యాక్టరీ వాళ్లు ఆర్డరు గుర్తుకు వేసుకున్నది. రెండూ రాసుకోండి. ఆ రోజుల కేటలాగులు వీపు చెక్క మేపుల్ అని గొప్పగా రాసేవి. చాలా ‘ఏ’ మోడళ్లలో అది నిజానికి బర్చ్. మీది బర్చ్ అయితే చిన్నబుచ్చుకోకండి, చక్కగా పలుకుతుంది.

ఒకవేళ గుడ్డు రంధ్రం బదులు వయొలిన్‌కు ఉన్నట్టు రెండు వంపు రంధ్రాలుండి, లోపల గిబ్సన్ కంపెనీ ఇంజనీరు లాయిడ్ లోర్ సంతకం, తేదీ ఉన్న చీటీ కనిపిస్తే ఈ వ్యాసం చదవడం ఇక్కడితో ఆపేయండి. 1922 నుంచి 1924 వరకు ఆయన సంతకంతో వచ్చిన ఎఫ్-5 మాండొలిన్ల విలువ లక్ష డాలర్ల పైమాట. దాన్ని మీరు తుడవను కూడా తుడవకూడదు. ఒక వింత ఏమిటంటే, అవి వచ్చేనాటికి మాండొలిన్ మోజు తగ్గి జనం బాంజో వైపు మళ్లారు. కంపెనీకి లాభం రాలేదు, లోర్ 1924 చివర్లో వెళ్లిపోయాడు. 1940ల్లో బిల్ మన్రో అనే గాయకుడు ఫ్లోరిడాలోని మయామీలో ఒక క్షురకుడి దుకాణంలో అలాంటిది ఒకటి చూసి కొన్నాడు. దానితో బ్లూగ్రాస్ అనే అమెరికన్ పల్లె సంగీతాన్ని నిలబెట్టాడు. అప్పుడు గానీ లోర్ పనితనం లోకానికి వినిపించలేదు.

చేత్తో, చెవితో పరీక్ష

తీగలు వదులుగా ఉన్నప్పుడే ఇది చేయాలి. వేలి కణుపుతో పొట్టనూ వీపునూ అంచుల వెంట మెల్లగా తట్టండి. సంతలో పుచ్చకాయ కొనేటప్పుడు తట్టినట్టే. అతుకు గట్టిగా ఉన్న చోట శబ్దం ముద్దగా, నిండుగా వస్తుంది. ఊడిన చోట గలగలమంటుంది, లేదా పగిలిన కుండను తట్టినట్టు డొల్లగా పలుకుతుంది. అలాంటి చోట్లన్నీ ఒక కాగితం మీద బొమ్మ గీసి గుర్తు పెట్టుకోండి. వాద్యం మీద మాత్రం అంటుకునే టేపు వేయకండి. పాత వార్నిష్‌ను అది పెచ్చుతో సహా లేపేస్తుంది.

గుడ్డు రంధ్రం ఉన్న గిబ్సన్ లోపల, రంధ్రానికి కాస్త దిగువన, పొట్టకు అడ్డంగా ఒకే ఒక్క బద్ద ఉంటుంది. మొత్తం పొట్ట భారం దాని మీదే. పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం, సన్నటి దీపం లోపలికి పెట్టి ఆ బద్ద చివరలు చూడండి. చెక్కకూ బద్దకూ మధ్య పల్చటి కాగితం ముక్క దూరితే అతుకు ఊడినట్టే. తర్వాత వాద్యాన్ని కంటి ఎత్తుకు లేపి, దీపపు వెలుగు పక్క నుంచి పడేలా పెట్టి పొట్ట వంపు చూడండి. రంధ్రానికీ గుర్రానికీ మధ్య కొద్దిగా దిగి ఉండటం ఈ వయసులో మామూలే. గుంటలా కనిపిస్తే మామూలు కాదు.

దండి కూడా చూడండి. మొదటి మెట్టు (దండి మీది అడ్డ లోహపు గీత) దగ్గర, ఒంటిని కలిసే చోటి మెట్టు దగ్గర తీగను తిన్నగా లాగి అదిమి పట్టుకుంటే ఆ తీగే మీకు స్కేలు. మధ్యలో మెట్లకూ తీగకూ మధ్య పోస్టుకార్డు దళసరిని మించి సందు ఉంటే దండి వంగింది. గిబ్సన్ వారు దండి లోపల సర్దుబాటు కడ్డీ పెట్టడం 1920ల తొలినాళ్లలో మొదలైంది. అంతకు ముందువాటిలో తిప్పడానికి ఏమీ ఉండదు.

బద్ద ఊడటం, పొట్ట గుంటపడటం, దండి వంగడం, మడమ దగ్గర, అంటే దండి ఒంటిని కలిసే చోట, సందు. ఈ నాలుగింటిలో ఏది కనిపించినా తీగ వాద్యాలు బాగుచేసే నిపుణుడి దగ్గరికి వెళ్లండి. ఇంట్లో చేయగల పని కాదది. మిగతావి చాలావరకు ఓపిక ఉంటే మీరే చేసుకోవచ్చు.

తుడవడం

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

1920ల మధ్య వరకు ఈ మాండొలిన్ల మీద పూత ఎక్కువగా లక్క, స్పిరిట్‌లో కరిగే వార్నిష్. లక్క మనకు కొత్తది కాదు. ఏటికొప్పాక బొమ్మల మెరుపు లక్కదే. ప్రపంచానికి లక్క పంపిన దేశాల్లో మనది ముందు వరుసలో ఉంది. లక్కకు ఆల్కహాల్ శత్రువు. చేతులు శుభ్రం చేసుకునే శానిటైజర్ చుక్క పడినా అక్కడ పూత కరిగి బంకలా అవుతుంది. ఫర్నిచర్‌కు కొట్టే మెరుపు స్ప్రేలు కూడా వద్దు. వాటిలోని సిలికాన్ చెక్కలోకి ఇంకితే రేపు అక్కడ జిగురూ పట్టదు, పూతా పట్టదు. ఇక మన ఇళ్లలో సర్వరోగ నివారిణి అయిన కొబ్బరి నూనె సంగతి. పగుళ్లలోకి నూనె చేరితే ఆ పగులు ఇక ఏ జిగురుకూ లొంగదు. మా బంధువులొకరు ఎంతో ప్రేమగా సీసా తీసుకొచ్చారు. వాద్యాన్ని ఎత్తుకుని పక్క గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను.

మరి దేనితో తుడవాలి? మొదట పొడి మెత్తటి బ్రష్‌తో దుమ్ము. తర్వాత పాత నూలు గుడ్డను నీళ్లలో ముంచి, చుక్క కారకుండా పిండి, అరచేయంత చోటు తుడిచి వెంటనే పొడి గుడ్డతో అద్దాలి. దానికీ పోని జిడ్డుకు మ్యూజియంలలో సంరక్షకులు వాడే మందు ఒకటుంది: లాలాజలం. అందులోని ఎంజైములు జిడ్డును పూతకు హాని చేయకుండా విడదీస్తాయి. దూదిపుల్ల తడిపి, చిన్న గుండ్రాలుగా తిప్పి, నీటి గుడ్డతో తుడిచేయడమే. సరస్వతి రూపమైన వాద్యానికి ఎంగిలి ఏమిటని మా అమ్మ వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మీ ఇంట్లో కూడా ఆ ఇబ్బంది ఉంటే ఎవరూ లేనప్పుడు చేసుకోండి.

పాత మైనపు పూతలు పేరుకుని నల్లబడి ఉంటే సిగరెట్ లైటర్లలో పోసే నాఫ్తా కొద్దిగా గుడ్డకు అద్ది తుడవవచ్చు. ముందు కనిపించని చోట, గోరంత మేర, పరీక్షించండి. గుడ్డకు రంగు అంటుకుంటే ఆపేయండి. కిటికీలు తెరిచి ఉంచండి, పొయ్యి దగ్గర వద్దు.

అక్కడితో ఆగడం నేర్చుకోవాలి. కుడి ముంజేయి ఆనే చోట పూత అరిగి చెక్క కనిపిస్తుంది. దండి వెనుక బొటనవేలు తిరిగిన దారి తెల్లబడి ఉంటుంది. ఇవి మురికి కాదు. వీటిని కప్పి కొత్త పూత వేయాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మొత్తం పూత గీకి కొత్తగా మెరిపించిన పాత గిబ్సన్‌కు ధర సగానికి పడిపోవడం అమెరికా దుకాణాల్లో మామూలు. డబ్బు సంగతి అటుంచినా, పోయిన పూత మళ్లీ రాదు. నా మాండొలిన్ మీద ఆ కాఫీ మచ్చ ఇప్పటికీ ఉంది.

మెట్ల పలక ఎబొనీ చెక్క. దాని మీద పేరుకున్న మట్టిని పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో గీకి, పొట్టను గుడ్డతో కప్పి, అతి సన్నని ఉక్కు పీచుతో మెట్లను రుద్దవచ్చు. చివర్లో మినరల్ ఆయిల్ ఒక్క చుక్క, వెంటనే తుడిచేయాలి.

కర్పూరం వాసన

పెట్టె తెరవగానే కర్పూరం వాసన వస్తే సంతోషపడకండి. వేళ్లు పొట్టకు తగలకుండా పక్కన అమర్చిన తాబేటి చిప్ప రంగు పలక సెల్యులాయిడ్‌తో చేసింది. సెల్యులాయిడ్ అంటే నైట్రోసెల్యులోజ్‌కు కర్పూరం కలిపి చేసిన తొలితరం ప్లాస్టిక్. పాతబడే కొద్దీ దానిలోంచి ఆమ్ల వాయువులు వెలువడతాయి. మూసిన పెట్టెలో అవి ఎటూ పోలేక దగ్గరున్న లోహాన్ని తింటాయి, పూతను మెత్తబరుస్తాయి. తీగలు తగిలించే పలక మీద పచ్చటి చిలుము, పొట్ట మీద పలక ఆకారంలోనే నీడలాంటి మచ్చ కనిపిస్తే కారణం అదే.

పలక అంచులు పొడిపొడిగా రాలుతున్నా, పెళుసుగా పగులుతున్నా, ఘాటు వాసన వస్తున్నా, దాన్ని విప్పి వేరుగా, గాలి తగిలే కాగితపు కవరులో ఉంచండి. గిబ్సన్ పలకలు చిన్న చీలలు, ఒక బిగింపుతో నిలుస్తాయి కాబట్టి తేలికగానే వస్తాయి. ఇది భగ్గున మండే పదార్థమని మరిచిపోకండి. ఎండలోను, దేవుడి దీపం దగ్గర అలమారాలోను పెట్టకండి. కొత్త పలక చేయించుకున్నా పాతదాన్ని, చెడిపోయినా సరే, వేరే పెట్టెలో భద్రం చేయండి. అమ్మేరోజు వస్తే కొనేవాళ్లు అడుగుతారు.

బిరడాల సంగతి రెండు మాటల్లో: మరలు ఒక్కొక్కటి బిగించి, పళ్ల మధ్య మురికిని పాత టూత్‌బ్రష్‌తో తీసి, పళ్లకు సన్నని మరనూనె చుక్క వేసి, మిగిలింది తుడవండి. గుండీలు కూడా సెల్యులాయిడే. కుంచించుకుపోయి పగులుతుంటే బలవంతం చేయకండి.

ఊడిన అంచు అతికించడం

పొట్టకూ పక్కలకూ మధ్య, లేదా వీపుకూ పక్కలకూ మధ్య, అంచు అక్కడక్కడ విడిపోవడం పాత వాద్యాల్లో తరచూ కనిపిస్తుంది. భయపడాల్సింది కాదు. చెక్క ఎండి ముడుచుకున్నప్పుడు, చెక్క పగలకుండా అతుకు ఊడిపోయేలాగే పాతకాలం వాళ్లు జిగురు ఎంచుకున్నారు. అది జంతు చర్మంతో చేసిన జిగురు. మన వడ్రంగులు సరేసు అనేది ఆ కోవదే. వేడి, తడి తగిలితే మళ్లీ విడిపోతుంది. పాత జిగురు మీద కొత్త జిగురు వేస్తే రెండూ కలిసిపోతాయి. తెల్ల జిగురుగాని, క్షణంలో పట్టే సూపర్ గ్లూ గాని వాడితే రేపు బాగుచేసేవాడు చెక్కనే కోయాల్సి వస్తుంది. నా దానికి ముందున్న యజమాని ఎవరో ఒక మూల సూపర్ గ్లూ పోశారు. ఆ రెండు అంగుళాలు శుభ్రం చేయించడానికి అయిన ఖర్చు, మిగతా పనులన్నిటి ఖర్చు కంటే ఎక్కువ.

ముందు జిగురు లేకుండా ఒకసారి బిగించి చూడండి. వేళ్లతో మెల్లగా నొక్కితే అంచులు కలవాలి. కలవకపోతే, అంటే వీపు ముడుచుకుని పక్కలకు అందకపోతే, అది మీ పని కాదు. కలిస్తే ముందుకు వెళ్లండి.

జిగురు గింజలను వాటి బరువుకు రెండింతల చల్లటి నీళ్లలో కొన్ని గంటలు నానబెట్టండి. అవి ఉబ్బి, మెత్తబడతాయి. ఆ గిన్నెను వేడినీళ్ల గిన్నెలో పెట్టి 60 నుంచి 63 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచండి. మరిగించకూడదు, మరిగితే బలం పోతుంది. బ్రష్ ఎత్తితే తెగకుండా సన్నటి ధారగా జారాలి. లేత పాకం అన్నమాట. ముదురు పాకమైతే కాసిని వేడినీళ్లు కలపండి.

అంచును హెయిర్ డ్రయర్‌తో, చేయి పెట్టుకోగలిగినంత మాత్రమే, గోరువెచ్చగా చేయండి. పల్చటి కత్తి అంచుతోనో, గట్టి కాగితంతోనో సందులోకి జిగురు నెట్టండి. ఇక అసలు పరీక్ష: చల్లబడేలోగా మీకున్నది నిమిషం కంటే తక్కువే. అందుకే బిగింపులన్నీ ముందే వరసగా పేర్చుకోవాలి. సైకిల్ ట్యూబును పొడుగ్గా రిబ్బనులా కోసి వాద్యం చుట్టూ చుట్టడం నాకు తెలిసిన వాటిలో అన్నిటికంటే మెత్తని బిగింపు. చెక్క మీద మచ్చపడదు, ఒత్తిడి సమానంగా ఉంటుంది. పైకి ఊరిన జిగురును గోరువెచ్చటి తడి గుడ్డతో అప్పుడే తుడిచేసి, 24 గంటలు ముట్టుకోకండి. మొదటిసారి సరిగా పట్టకపోతే మళ్లీ వెచ్చచేసి మళ్లీ చేయవచ్చు. ఈ జిగురులోని గొప్పతనమే అది.

పొట్ట మీద ఉన్న నిలువు పగుళ్లను మాత్రం నిపుణుడికే వదలండి. లోపలి నుంచి చిన్న స్ప్రూస్ చెక్క బిళ్లలను అడ్డపోగుతో అతికించాలి. ఆ గుడ్డు రంధ్రంలోంచి చేయి పట్టక వాళ్లే అవస్థ పడతారు. పనితనం ఎంత దూరం వెళ్లగలదో తెలియాలంటే మన్రో మాండొలిన్ కథే చెప్పాలి. 1985లో ఎవరో ఆయన ఇంట్లో జొరబడి దాన్ని చలిమంట దగ్గరి ఇనుప కడ్డీతో చితక్కొట్టారు. గిబ్సన్‌లో పనిచేసే చార్లీ డెరింగ్టన్ ఆ వందల పేళ్లను నెలల తరబడి ఒక్కొక్కటిగా కలిపి తిరిగి పలికించాడు. అంత నష్టం మీదానికి జరిగి ఉండదు లెండి.

గుర్రం, తీగలు

నేను చేసిన తప్పు ఇక్కడ చెప్పుకోవాలి. పాత గుర్రం అడుగు పొట్ట వంపుకు సరిగా ఆనడం లేదనిపించి, ఉప్పు కాగితం మీద రుద్దేశాను. వంపు కుదిరింది కానీ గుర్రం ఎత్తు తగ్గి తీగలు మెట్లకు తగలసాగాయి. అసలైన ఎబొనీ గుర్రం అలా పోయింది. మీరు కొత్త గుర్రం కొని దాన్ని రుద్దుకోండి, పాతది సంచిలో పెట్టండి. పొట్ట మీద ఉప్పు కాగితం గరుకు పైకి వచ్చేలా పరిచి, దాని మీద గుర్రాన్ని ముందుకూ వెనక్కూ నడిపితే అడుగు అదే వంపుకు వస్తుంది.

గుర్రం ఎక్కడ ఉండాలన్నది లెక్క ప్రకారం తేలుతుంది. దండి పైకొన పట్టీ నుంచి 12వ మెట్టు వరకు కొలిచి, అంతే దూరం మళ్లీ కొలిస్తే దాదాపు అక్కడే. గిబ్సన్‌లో మొత్తం 13 అంగుళాలూ మరో అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులూ, అంటే సుమారు 352 మిల్లీమీటర్లు. తీగలు వేశాక 12వ మెట్టు మీద అదిమి మీటిన స్వరం, అక్కడే తీగను వేలితో తాకి వదిలితే వచ్చే గంటలాంటి స్వరం ఒకటే కావాలి. అదిమిన స్వరం హెచ్చుగా ఉంటే గుర్రాన్ని వెనక్కు (దండికి దూరంగా), తగ్గుగా ఉంటే ముందుకు వెంట్రుకవాసి జరపండి.

తీగలు చివర ఉంగరం ఉన్నవే కొనాలి. పాత గిబ్సన్‌కు 0.010, 0.014, 0.024, 0.034 అంగుళాల తేలిక తీగలు చాలు. వాటితోనే ఎనిమిది తీగల లాగుడు 60 కిలోలు దాటుతుంది. అంటే ఒక మనిషి బరువు. బ్లూగ్రాస్ వాళ్లు వాడే బరువు తీగల జోలికి పోవద్దు. కుండ వీపు రకానికి 0.009తో మొదలయ్యే మరింత సన్నని కట్ట వేయండి. వాటి పొట్ట అంతకు మించి మోయలేదు.

వేసేముందు గుర్రం పక్కన, పొట్ట నుంచి తీగ ఎత్తు కొలిచి రాసుకోండి. మొదటి రోజు మామూలు శ్రుతికి ఒక స్వరం తక్కువలో ఆపండి. మరునాడు కొలవండి. తేడా లేకపోతే పైకి తీసుకెళ్లండి. జి, డి, ఎ, ఇ, వయొలిన్ వరసే. నెల రోజుల పాటు వారానికోసారి కొలుస్తూ ఉండండి. ఎత్తు తగ్గుతూ వస్తుంటే పొట్ట దిగుతున్నట్టు, వెంటనే తీగలు వదులు చేయాలి. 12వ మెట్టు దగ్గర తీగ ఎత్తు ఒకటిన్నర మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటే వేళ్లకు హాయి.

ఇక వినండి

వయొలిన్ రంధ్రాల మాండొలిన్ చెక్క మీద కొట్టినట్టు చురుగ్గా పలికి ఆగుతుంది. గుడ్డు రంధ్రం ఉన్నది అలా కాదు. స్వరం గుండ్రంగా మొదలై కాసేపు గాలిలో నిలుస్తుంది. ఆర్కెస్ట్రాల కోసం చేసింది కాబట్టి, మీటును వేగంగా కిందికీ పైకీ ఆడిస్తూ ఒకే స్వరాన్ని సాగదీసే ట్రెమొలోలో దాని గొంతు బయటపడుతుంది. చాలా ఏళ్లు మౌనంగా ఉన్న వాద్యం మొదటి వారం బిగుసుకుపోయినట్టు ఉంటుందని, వాయించే కొద్దీ తెరుచుకుంటుందని వాయించేవాళ్లు అంటారు. నా చెవికీ అలాగే అనిపించింది.

మాండొలిన్ అనగానే మనకు పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గుర్తుకు వస్తారు. ఆయన వాయించింది ఎలక్ట్రిక్ మాండొలిన్, జంట తీగలు కాక ఒంటి తీగలు. తీగను లాగి గమకం పలికించడానికి అది అనువు. మీ పాత గిబ్సన్ మీద జంట తీగలను అలా లాగబోతే వేళ్లు నొస్తాయి, సన్నటి పాత మెట్లు త్వరగా అరుగుతాయి. అయినా ఒక దారి ఉంది. ఎ జతను జికి, ఇ జతను డికి దించండి. జిని షడ్జమంగా తీసుకుంటే మన వయొలిన్‌లాగే స, ప, స, ప వస్తాయి. ఐదు శ్రుతి అన్నమాట. తీగలను దించుతున్నామే తప్ప బిగించడం లేదు కాబట్టి పొట్టకు భారం తగ్గుతుంది. జారు గమకాలు చక్కగా పలుకుతాయి. వరవీణ గీతం దీని మీద వినండి.

ఇండియాకు తీసుకెళ్లాలంటే

చెక్కలు ముందు చూసుకోండి. కుండ వీపు మాండొలిన్లలో బ్రెజిలియన్ రోజ్‌వుడ్, దంతం, అసలైన తాబేటి చిప్ప ఉండవచ్చు. ఇవి అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం కింద కట్టడి ఉన్నవి, అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటితే స్వాధీనం చేసుకుంటారు. బర్చ్, మేపుల్, మహాగని, స్ప్రూస్‌లతో చేసిన సాదా గిబ్సన్ ‘ఏ’కు ఆ గొడవ సాధారణంగా ఉండదు. చేతి సామానుగానే తీసుకెళ్లండి, తీగలు కాస్త వదులు చేయండి.

మిషిగన్ చలికాలంలో హీటరు వేసిన ఇంట్లో తేమ బాగా పడిపోతుంది. పలక అంచున మెట్ల కొనలు చేతికి గీసుకుంటే చెక్క ఎండుతోందని అర్థం. పెట్టెలో తడి స్పాంజి ఉన్న చిల్లుల డబ్బా పెట్టండి. కాకినాడలోనో విశాఖలోనో సమస్య తిరగబడుతుంది. వానాకాలం గాలికి పొట్ట ఉబ్బి తీగలు పైకి లేస్తాయి. అక్కడ సిలికా జెల్ పొట్లాలు వేసి, వాయించనప్పుడు పెట్టె మూసి ఉంచండి. ఏసీ గదిలోంచి వరండాలోకి రోజుకు నాలుగుసార్లు తిప్పకండి. ఇక మే నెల ఎండలో ఆగి ఉన్న కారులో మాత్రం పది నిమిషాలు కూడా వదలకండి. ఇంతసేపు మీరు 60 డిగ్రీల దగ్గర కరిగించిన జిగురే ఆ ఒంటినంతటినీ పట్టుకుని ఉంది.